గురమ్మ తోటకొచ్చిన ఎలుగు

ఉద్దానంలో పొద్దున్నే తోటలోకి ఎవరూ చప్పుడు చేయకుండా వెళ్లరు. ఒకరు దగ్గుతారు, ఒకరు రేకుడబ్బా మీద కర్రతో కొడతారు, కుర్రాళ్లయితే సెల్‌ఫోన్‌లో పాట పెట్టుకుంటారు. పొదల్లో ఎలుగుబంటి ఉంటే మనిషి వస్తున్నాడని దానికి ముందే తెలియాలి. తెలిస్తే అదే తప్పుకుంటుంది. తెలియక ఎదురుపడితేనే చిక్కు.

సీదివానిపుట్టుగలో గురమ్మకు పాట రాదు, డబ్బా మోయడం చిరాకు. అందుకని ఆవిడ ఇంటి సంగతులన్నీ గొంతెత్తి చెప్పుకుంటూ తోటలోకి వెళ్తుంది.

"నిన్న పప్పులో ఉప్పు ఎక్కువైపోనాది. నానే ఏసుకున్నాను, నానే తిన్నాను, ఎవుల్ని తిడతాను? దేవి పోను సెయ్యనేదు. దానికి నరసన్నపేటలో అత్తగారి పని, మొగుడి పని, అమ్మ గుర్తుంటాదేటి?"

పక్క తోటల్లో ఉన్నవాళ్లు అది విని నవ్వుకునేవాళ్లు. గురమ్మ ఇంట్లో ఏం కూర వండిందో తెలుసుకోవాలంటే వాళ్ల ఊళ్లో ఎలుగుల్ని అడిగితే చాలు అని ఒక వేళాకోళం కూడా ఉండేది.

ఆ తోట గురమ్మకు తండ్రి పసుపుకుంకాల కింద ఇచ్చింది. ఎకరం పైచిలుకు. కొబ్బరి, నడుమ నడుమ జీడి, పడమటి మూల పెద్ద పనస. పక్కనున్న రెండెకరాలు తమ్ముడు గణపతిరావు వాటా. రెంటికీ మధ్య మునగచెట్ల గట్టు తప్ప కంచె అంటూ ఎప్పుడూ లేదు. పెళ్లయ్యాక మొగుడు జోగయ్య ఇల్లరికం వచ్చేశాడు. అతను చెట్లెక్కే మనిషి. నడుముకు తాడు, చేతిలో కత్తి ఉంటే చాలు, నేల మీదకన్నా చెట్టు మీదే కుదురుగా ఉండేవాడు. చుట్టుపక్కల ఎన్నో ఇళ్లను పట్టుకున్న కిడ్నీ జబ్బే అతన్నీ పట్టుకుంది. కూతురు దేవి పెళ్లి చూసి, ఆ మరుసటి ఏడే పోయాడు. ఆ తర్వాత గురమ్మకు మాట్లాడే తోడు తోటే అయింది.

ఎలుగంటే ఏమిటో గురమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తమ్ముడు గణపతిరావు పెళ్లయిన కొత్తలో, జీడిపిక్కల రోజుల్లో, చెట్టు కింద వంగి పిక్కలు ఏరుతున్నాడు. పిల్లల తల్లి ఎలుగు ఒకటి పొదలోంచి వచ్చి మీద పడింది. కేక విని గురమ్మ పార పట్టుకుని పరిగెత్తింది. ఆవిడ వెళ్లేసరికి అది వదిలేసి పోయింది కానీ, తమ్ముడి ఎడమ కన్ను పోయింది. బుగ్గ చీలిపోయి పళ్లు బయటికి కనిపించాయి. తన చీరకొంగు చింపి ఆ ముఖం కట్టింది గురమ్మే. ఆటోలో సోంపేట ఆసుపత్రి దాకా వాడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అప్పటినుంచి గణపతిరావు తువ్వాలు ఒకటి తల మీంచి ఎడమ పక్కకు దించుకుని తిరుగుతాడు. చిన్నపిల్లలు భయపడతారని.

తిత్లీ తుపాను వచ్చింది దసరా రోజుల్లో. తెల్లారి గురమ్మ తోటకు వెళ్తే దారి కనిపించలేదు. తోటలో ఎప్పుడూ కనిపించని ఆకాశం మాత్రం బోలెడంత కనిపించింది. కొన్ని చెట్లు వేళ్లతో లేచి పడ్డాయి, కొన్ని నడిమికి విరిగాయి, కొన్ని నిలబడి ఉన్నా తలల్లేవు. జోగయ్య పేరు పెట్టి పిలిచే చెట్లు కూడా వాటిలో ఉన్నాయి. నిలిచినవి ఏడో ఎనిమిదో. పనసచెట్టు మాత్రం ఓ పెద్ద కొమ్మ పోగొట్టుకుని అలాగే ఉంది. ఆ రోజు గురమ్మ ఏ సంగతీ గట్టిగా చెప్పుకోలేదు. చెట్ల మధ్యన కూర్చుని ఏడ్చింది, లేచి ఇంటికి వెళ్లి అన్నం వండుకుంది. ఊళ్లో ఆ రోజు ఎవరు ఎవర్ని ఓదారుస్తారు? అందరివీ అవే తోటలు.

రంపం మిషన్లు వచ్చాయి. దారులకు అడ్డం పడ్డవాటిని ముందు కోశారు. తోటల్లో ఉన్నవాటికి ఎవరి తిప్పలు వాళ్లు పడ్డారు. గణపతిరావు తన దుంగల్ని ట్రాక్టరుతో రోడ్డు వారకు చేర్పించి, ఎలాగో లారీ ఎక్కించాడు. గురమ్మ దుంగలను అదే ట్రాక్టరు పడమటి మూల పనస పక్కన దిబ్బ పోసింది. రెండో విడత లారీ వస్తుంది, అప్పుడు తీసుకెళ్తాం అన్నారు. లారీ రాలేదు. ఆ తర్వాత కరోనా వచ్చింది. మనిషెత్తు దుంగల దిబ్బ అక్కడే వానకు నానుతూ, ఎండకు పగులుతూ ఉండిపోయింది. దాని మీద తీగలు పాకాయి.

తుపాను మరుసటి ఏడు తొలకరికే గురమ్మ కొత్త మొక్కలు నాటింది. ఆ మొక్కల దగ్గర ఆవిడ గొంతు మళ్లీ లేచింది. "నువ్వు ఇలగ ఒంగిపోకు, నిటారుగా ఉండు. మీ మావ ఉంటే నీకు కర్ర పాతేవోడు" అని జోగయ్యను తలుచుకుంటూ మొక్కకు చెప్పేది. అవి బాగానే బతికాయి. మోకాలెత్తు దాటాయి, నడుమెత్తుకు వచ్చాయి.

అప్పుడు మొదలైంది కొమ్ము పురుగు.

కొబ్బరి పెంచేవాళ్లకు దాన్ని చెప్పక్కర్లేదు. నల్లగా, బొటనవేలంత ఉంటుంది. ముక్కు మీద ఖడ్గమృగానికున్నట్టు కొమ్ము. చెట్టు నడినెత్తిన ఉండే మొవ్వులోకి తొలుచుకుని పోయి లేత ఆకును ముడుచుకుని ఉండగానే కొరుకుతుంది. ఆ ఆకు విచ్చుకున్నాక కత్తెర పట్టి కత్తిరించినట్టు కనిపిస్తుంది. పెద్ద చెట్టయితే ఆకులు పోయినా బతుకుతుంది. చిన్న మొక్కకు మొవ్వే ప్రాణం.

గురమ్మ కొస వంచిన సన్నటి ఇనుప ఊచ ఒకటి చేయించుకుంది. తెల్లారాక మొక్క మొక్క దగ్గరా ఆగి, మొవ్వులో కన్నం ఉంటే ఊచ పెట్టి తిప్పి లాగేది. పురుగు కొసకు గుచ్చుకుని కాళ్లాడిస్తూ వచ్చేది. కన్నంలో వేపపిండీ ఇసకా కలిపి కూరేది. ఆకు మొదళ్లలో కలరా ఉండలు పెట్టింది. అయినా ఇవాళ తీసిన మొక్కలోనే ఎల్లుండికి మళ్లీ కన్నం. ఒకరోజు ఒక మొక్క మొవ్వు పట్టుకుంటే ఊడి చేతికి వచ్చేసింది. మొదట్లో కుళ్లు వాసన. ఆ మొవ్వును అలాగే పట్టుకుని చాలాసేపు నిలబడింది.

గణపతిరావు మొక్కలకూ అదే గతి పట్టింది. ఒక పొద్దున్న అతను గట్టు దాటి వచ్చాడు. అక్కను అతను అప్పా అనే పిలుస్తాడు.

"అప్పా, ఇలగరా. నీకొకటి సూపిస్తాను" అని దుంగల దిబ్బ దగ్గరికి తీసుకెళ్లాడు. గొడ్డలితో ఒక దుంగ మీద కొట్టాడు. చెక్క మెత్తగా ఊడి పడింది. లోపల తెల్లటి పిల్లపురుగులు, చుట్టచుట్టుకుని, ఒక్కోటి వేలంత లావున్నవి, గుట్టలుగా కదిలాయి.

"సూసినావా? ఇక్కడ పుడతన్నాయి, అక్కడ తింటన్నాయి. ఇది దిబ్బ కాదు, పురుగుల పుట్టిల్లు. నా మొక్కలు సచ్చిపోతన్నాయి, అప్పా."

"నా మొక్కలు సావటం నేదేటి?"

"మరి తీయించు."

"ఎవులు తీస్తార్రా? ట్రాక్టరోడు ఈ మెత్తటి దుంగ గొలుసుకి ఆగదన్నాడు. అంటించినాను. పొగొచ్చినాది గానీ అంటుకోనేదు. పనసాకులు మాడిపోనాయి."

"మూడేళ్ల కిందటే నాతో పాటు రోడ్డుకి సేర్పిస్తే పోయేది."

ఆ మాట గురమ్మకు గుచ్చుకుంది. "మూడేళ్ల కిందట నీకు ఇద్దరు బామ్మర్దులు ఒచ్చి సాయం సేసినారు. నాకెవులున్నారు? ఆ ఒక్క ట్రాక్టరు దొరకటమే గగనం" అంది.

గణపతిరావు గట్టు దాటి వెళ్లిపోయాడు. అక్కాతమ్ముళ్ల మధ్య మాటలు ఆగిపోయాయి. మునగచెట్లకు ఇవతల ఒకరు, అవతల ఒకరు ఊచలు పట్టుకుని పురుగులు తీసుకుంటూ, తల ఎత్తకుండా ఆ వానాకాలం గడిపారు. గురమ్మ గొడ్డలి పట్టి దుంగల్ని తనే చీల్చి పిల్లపురుగుల్ని ఏరి చంపడం మొదలుపెట్టింది. రెండు దుంగలయ్యేసరికి కుడిభుజం పైకి లేవడం మానేసింది.

ఆ వానాకాలం చివర్లో, ఒక పొద్దున్న, ఆవిడ కూరగాయల ధర మీద ఎవర్నో తిట్టుకుంటూ వెళ్లి దిబ్బ దగ్గర నోరు మూసుకుంది. పై వరస దుంగలు చీలికలు పీలికలై ఉన్నాయి. గడ్డిమోపును ఎవరో రెండు చేతులా పీకి విసిరినట్టు కొబ్బరిపీచు చుట్టూ చెల్లాచెదురై ఉంది. గట్టిగా ఉన్న చోట చెక్క మీద నాలుగైదు గాట్లు, పక్కపక్కన, పొడుగ్గా. తడిసిన ఇసకలో మనిషి పాదంలాంటి అడుగులు, వాటి ముందు గోళ్ల గుర్తులు.

గురమ్మ వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి వచ్చేసింది.

ఊరంతా సాయంత్రానికి తెలిసిపోయింది. జీడిపళ్ల రోజులు కావు, పనసపళ్ల రోజులు కావు, ఇప్పుడు ఇది దేనికి వచ్చినట్టు అని అందరూ అనుకున్నారు. పిల్లల్ని ఒంటరిగా పంపకండి, నలుగురూ కలిసి వెళ్లండి అని ఫారెస్టువాళ్లు చెప్పి వెళ్లారు. రెండు రోజులు గురమ్మ తోటకు వెళ్లలేదు. మూడో రోజు ఉండబట్టలేక పోయింది. మొక్కలేమయ్యాయో చూడాలిగా!

సన్నగా వాన పడుతోంది. కొబ్బరాకుల మీద ఆ చప్పుడు ఎంతుందంటే, ఆవిడ మాటలు ఆవిడకే సరిగ్గా వినపడలేదు. ఆ సంగతి పనసచెట్టు దగ్గరికి వచ్చాక గానీ తట్టలేదు. అప్పటికే ఆలస్యమైపోయింది. దిబ్బ మీద నల్లటి వీపు ఒకటి, తడిసిన బొచ్చు అట్టలు కట్టి, ఇటు తిరిగి ఉంది. రెండు కొబ్బరిచెట్ల దూరం కూడా లేదు.

అది దుంగను ముందుకాళ్లతో పట్టి చీల్చింది. మూతి లోపల పెట్టి బుస్సుమని ఊదింది. పొట్టూ దుమ్మూ ఎగిరిపోయాయి. తర్వాత జుర్రున పీల్చింది. వేడి పాయసం జుర్రుకున్న చప్పుడు. మళ్లీ ఊదడం, మళ్లీ పీల్చడం. పిల్లపురుగు ఒకటి జారి దుంగ మీంచి దొర్లితే, మూతి తిప్పి దాన్నీ అందుకుంది. అలా తిప్పినప్పుడే గురమ్మను చూసింది.

 పరిగెత్తకూడదని గురమ్మకు తెలుసు.  తమ్ముడి ముఖం కళ్ల ముందు తిరిగింది, ఇప్పటి ముఖం కాదు, ఆ రోజు ఆటోలో ఒళ్లో పెట్టుకున్న ముఖం. ఎలుగు ముందుకాళ్లు ఎత్తి సగం లేచి గాలిని వాసన చూసింది. మూతి నిండా చెక్కపొట్టు అంటుకుని ఉంది.

అప్పుడు గురమ్మ నోట మాట వచ్చింది. ఎలా వచ్చిందో ఆవిడకు ఇప్పటికీ తెలియదు. రోజూ తోటతో మాట్లాడే గొంతే అది, కాకపోతే బాగా తగ్గించి.

"తిను తల్లీ, తిను. నాను నీ జోలికి రానేదు. మొక్కలు సూసుకుందామని ఒచ్చినాను. ఎలిపోతన్నాను. ఇదిగో, ఎలిపోతన్నాను."

అంటూనే ఒక్కో అడుగూ వెనక్కి వేసింది. ఎలుగు కాసేపు చూసింది. దానికి ఏం తోచిందో, మళ్లీ ముందుకాళ్లు దించి దుంగలో మూతి పెట్టింది. బుస్సున ఊదిన చప్పుడు విన్నాక గురమ్మకు ఊపిరాడింది. మునగగట్టు దాకా అలాగే వెనక్కి నడిచి, గట్టు దాటి, తమ్ముడి తోటలో ఇసకలో కూలబడింది.  ఆ పూట ఆవిడకు దాని మీద ఏ మంచి తలంపూ లేదు. బతికాను చాలు అనుకుంది, అంతే.

మంచి తలంపు తర్వాత వచ్చింది, ఊచ వల్ల వచ్చింది.

ఎండ బాగా ఎక్కాక మాత్రమే తోటకు వెళ్లడం అలవాటు చేసుకుంది గురమ్మ. వెళ్లినప్పుడల్లా దిబ్బ కాస్త కుంగి కనిపించేది. ఎలుగు చీల్చి వదిలేసినచోట కాకులు, గోరింకలు మూగేవి. జెముడుకాకి ఒకటి పొదలోంచి దర్జాగా నడిచి వచ్చి మిగిలినవి ఏరుకునేది. ఇక్కడ మొవ్వుల్లో కన్నాలు తగ్గుతున్నాయి. మొదట తన భ్రమేమో అనుకుంది. ఒకరోజు వరస మొదలు నుంచి చివరి దాకా ఊచ పెట్టి చూస్తే ఒక్క పురుగూ రాలేదు. మరో రోజు ఒకే ఒక్కటి వచ్చింది. ఆ తర్వాత విచ్చుకున్న కొత్త ఆకులు కొస నుంచి కొస దాకా నిండుగా, ఎక్కడా కత్తిరింపు లేకుండా వచ్చాయి. అలాంటి ఆకును ఆవిడ చూసి ఎన్నాళ్లయిందో! అరచేత్తో దాన్ని నిమిరి, దిబ్బ వైపు చూసి, ఎవరైనా వింటారేమోనన్నట్టు చిన్నగా "నువ్వేనే" అంది.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతుంది? ఊళ్లో ఎలుగు కరిచిన మనిషి తన సొంత తమ్ముడే. వాడి ఎదుట ఎలుగును మెచ్చుకునే నోరు తనకు ఉందా?

కానీ చెప్పాల్సిన రోజు వచ్చింది. ఒక మధ్యాహ్నం గణపతిరావు, ఇన్నాళ్ల తర్వాత, వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"అప్పా, రేపు పొద్దున్న పదిమందిమి ఎల్తన్నాం. కుర్రోళ్లు దీపావళి బాంబులు తెచ్చినారు. నీ పనస పక్కనుంచి తోలీస్తే సముద్రం దిక్కుకి ఎలిపోతాది. నీకు సెప్పకుండా నీ తోటలోకి ఎలగొస్తాం? అందుకని ఒచ్చినాను."

"సముద్రం దిక్కున ఊళ్లు నేవేటి?"

"ఉన్నాయి. ఆళ్ల సంగతి ఆళ్లు సూసుకుంటారు."

గురమ్మ పీట వేసి కూర్చోమంది. మంచినీళ్లు ఇచ్చింది. అతను తాగేదాకా ఆగి అడిగింది. "ఒరే గణపతీ, ఈమద్దిన నీ మొక్కల్లో పురుగు తీసినావేటి?"

గణపతిరావు గ్లాసు కింద పెట్టాడు.  "తగ్గినాదప్పా. వానల వల్ల తగ్గుంటాది."

"వానల్లోనే కదరా అది ఎక్కువయ్యేది."

 గురమ్మ లేచి గొడ్డలి అందుకుని, రమ్మంది. నడినెత్తిన ఎండ. ఇద్దరూ గట్టిగా మాట్లాడుకుంటూనే దిబ్బ దాకా వెళ్లారు. గణపతిరావు ప్రతి పొద వైపూ ముఖమంతా తిప్పి మరీ చూశాడు, ఎడమ పక్క కనిపించదు కనుక. ఎలుగు ముట్టని దుంగ ఒకటి కింద వరసలో ఉంటే గురమ్మ కొట్టింది. తెల్లటి పురుగులు కదిలాయి. చీల్చిన దుంగల పొట్టును కాలితో కెలికింది. ఒక్కటీ లేదు.

"నువ్వు తీయించమన్నావు, నావల్ల అవనేదు. అది తీస్తన్నాది" అంది.

గణపతిరావు దుంగ మీది గోళ్ల గాట్లనే చూస్తూ ఉండిపోయాడు. అతని చేయి దానంతటదే తువ్వాలు మీదికి వెళ్లింది.

"అప్పా, నీకు తెల్దు. దాని ఊపిరి వాసన నాకింకా ఒస్తాది. అన్నం కలుపుకుంటుంటే ఒస్తాది. నా కూతుర్ని ముద్దెట్టుకుంటుంటే ఒచ్చినాది. అది ఎక్కడో అక్కడ ఉన్నాదని తెలిస్తే నాకు నిద్దర పట్టదు. నువ్వేమో అది మంచిదంటన్నావు."

గురమ్మకు సిగ్గేసింది. తన మొక్కల ఆకుల్ని చూసుకుని మురిసిపోయినన్ని రోజులూ, గట్టుకు అవతల వీడు ఇలా బతుకుతున్నాడన్న తలంపు తనకు రాలేదు. తమ్ముడి చేయి పట్టుకుంది.

"మంచిదనటం నేదురా. అది ఎలుగు. దానికి మంచేటి, సెడ్డేటి? నీ కన్ను కంటే నాకీ తోట ఎక్కువ కాదు. సూసింది సెప్పినాను, అంతే. నువ్వు రేపు తోలాలంటే తోలు, నాను అడ్డు రాను. మాట ఆడకుండా కూడా ఉండను. ఇన్నాళ్లు ఉన్నాం, సాలు."

అతను చేయి వెంటనే విడిపించుకోలేదు. తర్వాత తన తోట వైపు కాకుండా ఊరి వైపు నడిచాడు.

మర్నాడు గురమ్మ చెవులు రిక్కించుకుని కూర్చుంది. బాంబు చప్పుడు కాలేదు. ఎండెక్కాక గొడ్డళ్ల చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే గణపతిరావూ, మరో ఇద్దరూ ముళ్లకంప కొట్టి, బడిపిల్లలు అడ్డంగా నడిచే దారిని పడమటి మూల రెండు వైపులా మూసేస్తున్నారు. పిల్లలు చుట్టూ తిరిగి రోడ్డు మీంచి వెళ్లాలని ఇంటింటికీ చెప్పి వచ్చారట. బాంబులు పట్టుకున్న కుర్రాళ్లు ఊరుకోలేదుగానీ, ఎలుగు కరిచినవాడే వద్దంటుంటే వాళ్లు ఏమనగలరు?

గురమ్మను చూసి గణపతిరావు అన్నాడు, "నాను దానికి మొక్కటం నేదు. దిబ్బ అయిపోయేదాకా ఆగుతాను. ఆ తరవాత ఇటు ఒస్తే తోలీస్తాను."

"అలగే" అంది గురమ్మ. ఆ రోజు వాళ్లందరికీ తన ఇంట్లోనే అన్నం పెట్టింది.

సంక్రాంతికి ముందే దిబ్బ అయిపోయింది. మనిషెత్తు దుంగలున్నచోట మోకాలెత్తు నల్లటి పొట్టు మిగిలింది. ఎలుగు కూడా రావడం మానేసింది. అది ఎటు పోయిందో, తర్వాత ఎక్కడైనా ఎవరికైనా ఎదురుపడిందో గురమ్మకు తెలియదు. ఎక్కడో దూరపు ఊళ్లో ఎలుగు మనిషి మీద పడిందని పేపర్లో వచ్చినప్పుడు ఆవిడ గుండె జారుతుంది. ఆ మనిషి కోసం, ఆ ఎలుగు అదే కాకూడదని కూడా. రెంటికీ ఒకే దేవతకు మొక్కుతుంది.

వేసవుల్లో పడమటి మూల పనసకాయలు కోయడం మానేసింది. ఆ చెట్టు ఊరికి దూరంగా ఉంది, వచ్చేది వచ్చి తిని పోతుంది అనుకుంది. దేవి ఫోన్‌లో కోప్పడింది.

"అమ్మా, ఎలుగుని పిలిసి బోజనం పెడతన్నావేటి? నీకేటైనా అయితే?"

"పిలవటం నేదే. కోయటం మానేసినాను, అంతే. ఇంటి దగ్గర సెట్టున్నాది కదా, మనకది సాలదా?"

 కాయలు ముగ్గే రోజుల్లో గణపతిరావు తన మనుషుల్ని ఆ మూలకు పంపడు.

మొన్నటి వేసవిలో గురమ్మ మొక్కల్లో ముందుగా ఎదిగినది పూత పొత్తి విప్పింది. ఇంకో నాలుగు దాని వెనకే. చెట్లింకా పొట్టివి కావడంతో గెల చేతికి అందేట్టే ఉంది. కాయలు బొండాలయ్యాక మొదటి గెలను అక్కాతమ్ముళ్లిద్దరూ కోసి, ఊరి అమ్మవారి గుడికి తీసుకెళ్లారు. ఒకటి అక్కడ కొట్టారు. తిరిగి వచ్చి తోటలో కూర్చుని తలా ఒక బొండం తాగారు. ఆ నీళ్లు కొంచెం ఉప్పగా, కొంచెం తియ్యగా ఉన్నాయి. గురమ్మ కళ్లు చెమ్మగిల్లాయి. జోగయ్యకు ఒక గుక్క పోసినట్టు నేల మీద కొంచెం ఒలికించింది.

గణపతిరావు మూతి తుడుచుకుని, నవ్వో నవ్వు కాదో తెలియకుండా అడిగాడు. "మరి దానికేటి ఇవ్వవా అప్పా?"

"దానికేటి ఇస్తానురా? అది నా కోసం ఒచ్చినాదేటి? ఆకలేసి ఒచ్చినాది, తిన్నాది, ఎలిపోనాది. దానికి నాను తెల్దు, నా తోటా తెల్దు. నాకు మాత్రం తెల్సు కదా, అది సాలు." మళ్లీ తనే అంది, "నీకైతే ఇవ్వాల. ఆ రోజు నువ్వు కంప కొట్టకుండా బాంబు ఏసుంటే, ఈ నీళ్లు తాగేవోళ్లం కాదు."

గణపతిరావు తువ్వాలు సర్దుకున్నాడు. అతని చూపున్న కన్ను ఎక్కడో చూసింది. "బాంబు ఏద్దామనే ఎల్లినాను ఆ పొద్దు. సగం దారిలో నీ మొక్కల ఆకులు సూసినాను" అన్నాడు.

ఈ సంగతి గురమ్మకు అప్పటిదాకా తెలియదు.  తన బొండంలో మిగిలిన నీళ్లు తమ్ముడి బొండంలో పోసేసింది.

తర్వాతి తొలకరికి దుంగల పొట్టు మట్టిగా మారింది. చేత్తో పిసికితే టీపొడిలా విడిపోతోంది. అక్కడ నాలుగు మొక్కలు పట్టే జాగా ఉందని గణపతిరావే చెప్పి, నారుమళ్లోంచి మంచివి ఏరి తెచ్చాడు. అతను గునపం పట్టి గోతులు తీశాడు. గురమ్మ మొక్కను గోతిలో నిలబెట్టి, రెండు చేతుల్తో పట్టుకుంది.

"కుడి పక్కకి ఒంగినాది, సూడు" అంది.

గణపతిరావు నాలుగడుగులు వెనక్కి వేసి, ఉన్న ఒక్క కంటితోనే గురి చూసి, "బాగానే ఉన్నాది, మట్టి కప్పీ" అన్నాడు.